శుక్రవారం ఒక్కపొద్దు

కోడుమూరు మగ్గాల వీధిలో అంజనమ్మ ఇంటికి క్యాలెండరుతో పెద్దగా పని ఉండేది కాదు. ఈరోజు ఏ వారమో తెలియాలంటే ఆమె కడుపును అడిగితే చాలు. సోమవారం ఒక్కపొద్దు, గురువారం ఒక్కపొద్దు, శుక్ర, శనివారాలూ అంతే. పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. సాయంత్రం దీపం పెట్టి దండం పెట్టుకున్నాకే ఒక పూట అన్నం. పోనీ, మిగిలిన రోజుల్లో అయినా కడుపారా తినేదా అంటే అదీ లేదు. అందరూ తిని లేచాక గిన్నెలో ఏం మిగిలితే అదే తన వంతు. దేవుళ్ళు ఆమెనింతగా ఎందుకు మాడ్చారో గానీ, ఆమె మాత్రం వాళ్ళ మీద ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఆ పొద్దులు ఊరికే పట్టినవి కావు. ఒక్కోటీ ఒక్కో మనిషి పేరు మీద పట్టింది. సోమవారం కొడుకు ఉమామహేశ్వరది. పసితనంలో వాడికి జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే శివుడికి మొక్కుకుంది. గురువారం కూతురు నాగజ్యోతిది. సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోతుంటే మంత్రాలయం పోయి మొక్కి వచ్చింది. కూతురు ఆలూరులో కాపురం చేసుకుంటూ పిల్లల తల్లి అయినా ఆ పొద్దు మాత్రం విడవలేదు. శనివారం మనవడు శ్రీకాంత్‌ది, వాడు పుట్టినప్పటి నుంచి ఉంది. ఇక శుక్రవారం ఎవరిదని ఎవరూ అడగలేదు. చౌడమ్మ తల్లి వారం, నేతపని చేసే తొగటల ఇళ్ళలో ఆడవాళ్ళు ఉండేదేలే అనుకున్నారు.

అడగాలని ఉండి కూడా అడగలేనిది కోడలు శశికళ ఒక్కతే. ఆమె ఎమ్మిగనూరు పిల్ల. ఊహ తెలియక ముందే తల్లి పోయింది. పిన్నమ్మ చేతి కింద పెరిగిన పిల్లకు తన కోసం ఒక మనిషి పస్తుండడమంటే ఏమిటో తెలియదు. ఈ ఇంట్లో అడుగుపెట్టి, అత్త ఇంటిల్లిపాది కోసం పొద్దులుండడం చూసినప్పుడు ఆమెకు మొదట ఆశ్చర్యమేసింది, తర్వాత ఆశ పుట్టింది. ఏడాదికేడాది గడిచింది. కొడుక్కి ఒక వారం, కూతురికి ఒక వారం, పుట్టీ పుట్టగానే మనవడికి ఒక వారం. కోడలికి లేదు. చెప్పుకుంటే నవ్వుతారు. ఇదేమన్నా పట్టుచీరా, నాకు పెట్టలేదని అలగడానికి? అయినా ఆ లోటు ఆమె గుండెల్లో అట్లాగే ఉండిపోయింది.

అలాగని అత్త గయ్యాళి కాదు. భర్త వెంకటరాముడు నడి వయసులో పోతే, పిల్లలిద్దరినీ గోడకు ఆనించి కూర్చోబెట్టి, తానే మగ్గం గుంతలోకి దిగింది అంజనమ్మ. అదే మగ్గం మీద శశికళకు నేత నేర్పింది. పోగు తెగితే తిట్టేది, మళ్ళీ తానే వచ్చి అతికేది. మోకాళ్ళు మొరాయించాక కోడలిని మగ్గం మీద కూర్చోబెట్టి, తాను పక్కన రాట్నం ముందు నూలు కండెలు చుట్టుకుంటూ, చుట్టినంతసేపూ దేవుళ్ళతో మాట్లాడేది. ఆ మాటలు వింటే ఆ దేవుళ్ళంతా పక్కవీధిలో ఉండే దాయాదులేమో అనిపించేది.

మూడేళ్ళ కిందట ఒక ఎండాకాలపు శుక్రవారం అంజనమ్మ వాకిట్లో కళ్ళు తిరిగి పడింది. కర్నూలులో డాక్టరు చూసి, చక్కెర జబ్బుకు మాత్రలు మింగుతూ ఇట్లా పస్తులుంటే మనిషి దక్కదని కొడుకు మొహం మీదే చెప్పాడు. ఇంటికి వచ్చాక ఉమామహేశ్వర బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఏడ్చాడు.

“ఆయప్ప మాత్రలు ఇచ్చినాడు గానీ, నా మొక్కులు తీరుస్తాడా?” అంది అంజనమ్మ.

దారి చూపించింది చౌడమ్మ గుడి పూజారి కంబన్న. “మొక్కుకున్న పొద్దు గాలికి ఇడిసేదానికి లేదమ్మా. అయితే అది ఎవరి పేరు మీద ఉండాదో వాల్లు ఎత్తుకోవచ్చు. చేతిలో నీల్లు పోసి అప్పజెప్పు. ఇంగొకరికి ఇస్తే మాత్రం చెల్లదు,” అన్నాడు.

ఆదివారం అందరూ గుడిలో చేరారు. అంజనమ్మ చెంబు పట్టుకుని కొడుకు దోసిట్లో నీళ్ళు పోసి సోమవారం అప్పజెప్పింది. కూతురికి గురువారం ఇచ్చింది. కర్నూలులో డిగ్రీ చదివే శ్రీకాంత్ శనివారం తీసుకుంటూ, “అవ్వా, హాస్టల్లో శనివారమే చికెన్ పెడతారు,” అన్నాడు. “అందుకే నీకు పుణ్యం ఎక్కువొస్తాది పోరా,” అంది అవ్వ. ఆ మాటకు అందరూ నవ్వారు.

నవ్వులు ఆగాక, “మరి శుక్రవారం?” అని అడిగింది శశికళ.

అంజనమ్మ చెంబు కింద పెట్టేసింది. “అది ఇచ్చేది కాదు. నాకాడనే ఉంటాది.”

“డాక్టరు ఒక్క పొద్దు గూడా వద్దన్యాడు గదత్తా. నాకియ్యి. చెల్లినా చెల్లకున్నా నేనుంటా.”

“ఎవరికైనా ఇస్తా గానీ నీకు మాత్రం ఇయ్యను,” అని అత్త చెంగు దులుపుకుని లేచింది.

అందరి ముందూ అన్న మాట అది. శశికళకు మొహం మాడిపోయింది. పేరు మీద పొద్దు ఎటూ లేదు, మొయ్యడానికి కూడా పనికిరానా అనుకుంది. ఆ రోజు ఇంటికి వచ్చి పెరట్లో బట్టలు ఉతుకుతూ చాలాసేపు ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని మొగుడు అడిగితే కంట్లో సబ్బు పడిందని చెప్పింది. ఆయన నమ్మాడు. ఉమామహేశ్వరకు ఎవరేం చెప్పినా నమ్మడమే అలవాటు.

పొద్దులు పంచుకున్నాక ఆ ఇంట్లో కొత్త తంటాలు మొదలయ్యాయి. ఉమామహేశ్వర మొదటి సోమవారమే తాను పనిచేసే బట్టల అంగట్లో ఎవరో ఇచ్చిన మిరపకాయ బజ్జీ పరధ్యానంగా నోట్లో పెట్టుకుని, సగం తిన్నాక గుర్తొచ్చి, దొంగమొహంతో ఇంటికి వచ్చాడు. అంజనమ్మ ఆ తప్పుకు దండగగా మంగళవారమంతా తాను తిండి మానేసింది. ఇట్లా అయితే పంచుకుని ఏం లాభమని ఆయన ఆ తర్వాత సోమవారాలు టీ కూడా ముట్టలేదు. శనివారం వస్తే అవ్వ మనవడికి వీడియో కాల్ చేసి, ఏమన్నా తిన్నాడేమోనని నాలుక చూపించమనేది. కూతురి సంగతి మాత్రం ఆమె ఎప్పుడూ కనుక్కోలేదు. నాగజ్యోతి అచ్చం తనలాంటిదే, చెప్పిన మాట తప్పదని ఆమె ధీమా.

శుక్రవారాలు మాత్రం అంజనమ్మవే. పొద్దున్నే తలకు పోసుకుని, ఒక్కతే గుడికి పోయి, మధ్యాహ్నానికి వాడిపోయి వచ్చేది. కనీసం మజ్జిగన్నా తాగమని శశికళ గ్లాసు పట్టుకుని వెంటపడేది. ఒక శుక్రవారం ఆమెకు మొండితనం వచ్చింది. నువ్వు తినకపోతే నేనూ తిననని చెప్పి, ఉత్త కడుపుతో మగ్గం మీద కూర్చుంది.

గుడికి బయలుదేరిన అంజనమ్మ గడప దగ్గర ఆగిపోయింది. చేతిలో పూలబుట్ట కింద పెట్టి, వంటింట్లోకి పోయి, జొన్నరొట్టె, పప్పు తెచ్చి మగ్గం పక్కన చతికిలబడింది. మోకాళ్ళు వంగని మనిషి అట్లా కూర్చోవడం శశికళ చాలా కాలంగా చూడలేదు.

“నోరు తెరువు. గుంతలో కూచోని కాళ్ళు చేతులు ఆడించే దానివి, కడుపు మాడ్చుకుంటావా? నువ్వు తినల్ల. తింటే గానీ నేను గుడికి పోను.”

“నువ్వు ఉండొచ్చు, నేను ఉండగూడదా అత్తా?”

“నువ్వు ఉండగూడదు.”

రొట్టె తుంచి తుంచి నోట్లో పెట్టింది. శశికళ తినింది గానీ, మనసులో మాత్రం కష్టపెట్టుకుంది. నేత ఆగిపోతుందని కాబోలు ఈమె భయం అనుకుంది. ఆ తర్వాత మళ్ళీ శుక్రవారం ఊసెత్తలేదు. అత్తాకోడళ్ళ మధ్య మాటలు పని వరకే మిగిలాయి.

పోయిన చలికాలంలో ఒక మంగళవారం, అన్నం తిని, రాట్నం ముందు కూర్చుని కండె చుడుతూ చుడుతూనే అంజనమ్మ వెళ్ళిపోయింది. మగ్గం మీద ఉన్న శశికళకు రాట్నం చప్పుడు ఆగాక గానీ తెలియలేదు. పెద్దదినం నాడు చుట్టాలు ఆమె గురించి చెప్పుకున్నారు. కొడుకు తన సోమవారం గురించి చెప్పాడు, కూతురు తన గురువారం గురించి చెప్పి ఏడ్చింది. శ్రీకాంత్, ఇక నా నాలుక ఎవరు చూస్తారని అడిగి మూల కూర్చున్నాడు. శశికళ వడ్డిస్తూ ఉండిపోయింది. చెప్పుకోవడానికి ఆమెకు ఏ వారమూ లేదు.

మైల తీరాక వచ్చిన మొదటి శుక్రవారం పొద్దున, టెంకాయ తీసుకుని ఆమె గుడికి పోయింది.

“కంబన్న మామా, మా అత్త శుక్రవారం పొద్దు అట్లనే నిలిచిపాయె. దాన్ని ఇడిపిస్తే ఆయమ్మకు పుణ్యముంటాదని వచ్చినా. ఎవరు ఇడిపించల్లనో చెప్పు, పిలుచుకోనొస్తా.”

కంబన్న విచిత్రంగా చూశాడు. “ఎవరి పేరు మీద ఉండాదో వాల్లే ఇడిపించల్ల. నువ్వే ఇడిపించు.”

“నేనెందుకు?”

“నీ పేరు మీదనే గదమ్మా ఉండేది. ప్రతి శుక్రారం నీ పేరు జెప్పి కుంకుమ పూజ జేయించుకోని పోతాండె. నీకు తెల్దా?”

శశికళ చేతిలోని టెంకాయ కింద పెట్టేసింది. ఆయన గర్భగుడి గడప మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. శ్రీకాంత్ పుట్టినప్పుడు శశికళ నెత్తురు ఆగక కర్నూలు ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. మనవడు పుట్టాడని వీధిలో చక్కెర పంచుతుంటే, అంజనమ్మ బస్సు దిగి నేరుగా గుడికి వచ్చింది. “‘పిల్లోని సంగతి రేపు మాట్లాడుకుందాం, ముందు నా శశిని లేపు తల్లీ’ అనె. ఆ పొద్దు నుంచి శుక్రారాలు పట్టె.”

“మరి ఆ పొద్దు నాకిమ్మంటే ఇయ్యకపాయె గద మామా. అందరి ముందర వద్దనె గద.”

“నేనూ అడిగినా. ‘వాల్లంటే నేను కన్నోల్లు, నా కోసరం ఒగ పొద్దు మాడితే ఏమీ గాదు. శశి అమ్మ లేని పిల్ల. చిన్నప్పుడు శానా పస్తులుండి వచ్చిండాది. మల్లా నా చేత్తో దానికి పస్తు పెడతానా కంబన్నా?’ అనె. ఇస్తే నువ్వు ఉంటావని భయం ఆయమ్మకు.”

శశికళ గుడి మెట్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కంబన్న టెంకాయ ఆమె చేతికిచ్చి, తానే కొట్టమన్నాడు. “ఇంగ ఆ పొద్దు నీది. పట్టుకుంటావా, ఇడిపించుకుంటావా, నీ ఇష్టం.”

ఆమె చాలాసేపు ఆ టెంకాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్త మోసిన పొద్దు తానూ మొయ్యాలని ఆమె ప్రాణమంతా కొట్టుకుంది. తర్వాత లేచి, టెంకాయ కొట్టి, పొద్దు విడిపించుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఉమామహేశ్వర అంగడికి పోబోతున్నాడు. శశికళ నేరుగా వంటింట్లోకి పోయి, రొట్టె, కూర పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, మగ్గం పక్కన నేల మీద కూర్చుంది.

“ఏమే, శుక్రవారం గదా. అమ్మ పొద్దు నువ్వు ఉంటావనుకున్యానే,” అన్నాడాయన.

“ఉండను. మా అమ్మ ఉండొద్దనింది,” అంది శశికళ.

ఏ అమ్మ అని ఆయన అడగబోయి, ఆమె మొహం చూసి, మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ కడుపు నిండా తినింది.