రూపాయక్క

పోయిన వారం పంజాగుట్ట చౌరస్తా దగ్గర రెండు మూరల మల్లెపూలు కొందామని ఆగాను. పూలమ్మే పిల్లకు పాతికేళ్లు కూడా ఉండవు. ఆమె దారం తెంపుతుండగా బుట్ట పక్కనున్న డబ్బా, అదే, ఫోనుతో డబ్బు వేస్తే ఎంత వచ్చిందో నలుగురికీ వినబడేలా చెప్పే డబ్బా, ఒక రూపాయి అందిందని పలికింది. ఎదురుగా నేను తప్ప కొనేవాళ్లెవరూ లేరు, నేనింకా సంచిలోంచి ఫోను తీయనేలేదు. పక్కనుంచి పోయేవాళ్లు ఆ మాటను పట్టించుకోలేదు గాని, ఆ పిల్ల మొహం మాడిపోవడం నేను చూశాను. ఆ రూపాయి ఎటువంటిదో నాకు తెలుసు. చిల్లర కోసం బజారులో చేయి చాచి నిలబడ్డ కాలం వాళ్లకు, అంటే నా ఈడు వాళ్లకు, అది ఎవరైనా చెబితే తప్ప తట్టదు కనుక కాస్త వెనక్కి వెళ్లి చెప్పుకొస్తాను.

మా అమ్మ అమీర్‌పేటలో కూరగాయలు అమ్మేది. ఇప్పటిలా అడుగడుక్కీ కోచింగు బోర్డులు, నెత్తి మీద మెట్రో రైలు లేని రోజులవి. బల్కంపేటలో మాకు రేకుల ఇల్లొకటి ఉండేది, నాన్న సనత్‌నగర్‌లో ఒక చిన్న కార్ఖానాకు పనికి పోయేవాడు, నేనేమో బడి వదలగానే అమ్మ దగ్గరికి వచ్చి వంకాయలను తడిగుడ్డతో తుడిచి నిగనిగలాడేలా పేర్చి పెట్టేదాన్ని. ఆ వంకాయల వల్లనే అమ్మను అందరూ వంకాయలమ్మ అనేవారు. ఆ రోజులెంత బాగుండేవో అని నేను రాగం అందుకుంటాననుకుంటే పొరపాటే. బజారు అప్పుడూ బజారే. చిల్లర తీసుకునే వంకతో అరచేయి గోకేవాళ్లు, ఇచ్చే వంకతో వేళ్లు పట్టుకుని వదలనివాళ్లు, బేరమాడుతున్నట్టు వంగి చూడరాని చోట చూసేవాళ్లు, అందరూ ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులే, ఇంటి దగ్గర ఆడపిల్లల తండ్రులే.

అందుకని అమ్మ ఎవరి డబ్బూ చేత్తో అందుకునేది కాదు. కూరగాయలు సంచిలో పోశాక ఖాళీ తక్కెడ పళ్లెం ముందుకు చాపేది. డబ్బు అందులో వెయ్యాలి, తిరిగి ఇచ్చే చిల్లర కూడా ఆ పళ్లెంలోనే వచ్చేది. కొత్తవాళ్లకు ఇదేదో మడిలాగా, మొక్కులాగా కనిపించేది. ఒక పెద్దాయనైతే లక్ష్మీదేవికి చేసే మర్యాద కాబోలనుకుని పళ్లేనికి దండం పెట్టి మరీ అర్ధరూపాయి వేశాడు, ఆయన అటు తిరగగానే అమ్మా నేనూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఇక రెండో కట్టుబాటు పేరు. ఆ వరసలో కూర్చున్న ఏ ఆడమనిషీ తన పేరు చెప్పేది కాదు, పక్కామె పేరూ చెప్పేది కాదు. పేరు తెలిస్తే మగవాడికి చనువు దొరికినట్టేనని వాళ్ల లెక్క. "పేరు ఇంట్ల, పైస తక్కెట్ల" అని అమ్మ నాకు ఎక్కాలకంటే ముందు నేర్పింది. పక్కనే నిమ్మకాయలమ్మే చాచా అమ్మను ఎప్పుడూ ఆపా, అంటే అక్కా, అనే పిలిచాడు. అమ్మ పోయినప్పుడు మా ఇంటికొచ్చి, దండ వేసిన ఫోటో కింద రాసిన పేరును కూడబలుక్కుని చదివి, ఇన్నాళ్లు పక్కన కూర్చుండి గీ పేరు ఇప్పుడు చదువుతున్నా బిడ్డా అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ అలవాటు నాకు ఉద్యోగంలోనూ పనికొచ్చింది. ఇంటరుతో చదువు ఆపేసి పంజాగుట్టలో ఒక చీరల దుకాణంలో చేరాను. ఒక రోజు మా సేఠ్‌కు ఏ పెద్ద షాపులో చూసి బుద్ధి పుట్టిందో గాని, ఆడపిల్లలందరికీ పేర్లు చెక్కించిన బిళ్లలు తెచ్చి పమిటకు పెట్టుకోమన్నాడు. ఆ వారమే మొదలైంది. పెళ్లాలు చీరలు చూసుకుంటుంటే మొగుళ్లు మా బిళ్లలు చదివేవాళ్లు. నాతో పాటు పనిచేసే ముస్లిం స్నేహితురాలు ఒకామె ఉండేది, మాటకారి. "మేరా తూ లగా, తేరా మై లగాతీ" అంది, అంటే ఆమె బిళ్ల నేను, నా బిళ్ల ఆమె. అలాగే పెట్టుకున్నాం. ఆ తర్వాత ఒకడు బస్టాపు దాకా వెంటపడి, ఆమె పేరు పెట్టి నన్ను పిలుస్తూ వచ్చాడు. అది నా పేరు కాదు కనుక వెనక్కి తిరగాలన్న ఆలోచనే నాకు రాలేదు, వాడు అరిచి అరిచి అలిసిపోయాడు. మా సేఠ్ మాత్రం జీతాలిచ్చే రోజు దాకా ఈ మార్పు కనిపెట్టలేదు. మా మొహాలు ఎప్పుడైనా చూస్తే కదా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అమ్మ తర్వాత ఆమె చోటులో కూర్చున్నది మా తమ్ముడి భార్య. మరదలన్న మాటే గాని నాకు చెల్లెలితో సమానం. అమ్మే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. ఆమెకు తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు, ఉన్నదల్లా కళ్లకు శుక్లాలు కమ్మిన తల్లి. ఆ తల్లి రెండు కళ్లకూ ఆపరేషను చేయించాలన్నది మా మరదలి ఏకైక కోరిక. ఇంకేమీ కోరుకోగా నేను వినలేదు.

కొన్నేళ్ల కిందట, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక, ఏదో సంస్థ తరఫున ఒకే రంగు చొక్కాలు వేసుకున్న పిల్లలు మార్కెట్‌కు వచ్చి, షామియానా వేసి, ఆడవాళ్ల భద్రత గురించి సభ పెట్టారు. ఒంటి మీద డబ్బు లేకపోతే దొంగ భయం ఉండదనీ, చేతికి చేయి తగలదనీ, చీకటి పడ్డాక నిశ్చింతగా ఇంటికి పోవచ్చనీ చెప్పి, ఒక్కొక్కరికీ ఫోను చూపిస్తే డబ్బు పడే నలుపు గళ్ల బోర్డు ఒకటి, పలికే డబ్బా ఒకటి ఇచ్చారు. మంచి పిల్లలే, మంచి మాటే. నేను కూడా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. అయితే ప్రతి బోర్డు మీదా ఆ మనిషి పేరు ఇంత లావు అక్షరాలతో అచ్చు వేయించి, కింద ఫోను నంబరు కూడా వేయించారు. ఆడవాళ్లకు గుర్తింపు రావాలట. ఆ రోజు మొత్తం వరసలో ఆడవాళ్లు ఒకరి పేర్లు ఒకరు చదువుకుని, గిదా నీ పేరు అని నవ్వుకున్నారు. చిన్నప్పటినుంచీ పక్కపక్కన కూర్చున్న వాళ్లు.

మొదట్లో నిజంగానే బాగుంది, కాదంటే కళ్లు పోతాయి. ఏ వేలూ తగలని బజారు ఎట్లుంటుందో మా మరదలు చూసింది. డబ్బు నేరుగా ఆమె ఖాతాలోకే పోయేది. ఎవరినీ అడక్కుండా, ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా తల్లికి ఒక కంటి ఆపరేషను చేయించింది. కట్టు విప్పిన రోజు ఆ ముసలమ్మ కూతురి మొహం తడిమి, గింత నల్లబడ్డవేందే అందట. అది చెప్పి మా మరదలు ఎంత మురిసిపోయిందో.

ఆ తర్వాత రాత్రిళ్లూ పగళ్లూ ఫోన్లు రావడం మొదలైంది. ఆమె ఆ నంబర్లను ఆపించింది. అప్పుడు ఎవడో ఒక తెలివిమంతుడు దారి కనిపెట్టాడు. ఒక రూపాయి వేస్తే దానితో పాటు ఒక మాట రాసి పంపవచ్చు. ఫోనును ఆపవచ్చు గాని, వచ్చే రూపాయిని ఆపడం ఎట్లాగో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. అడిగితే ఫోన్ల దుకాణం పిల్లవాడు ఒకడిని ఆపి ఇచ్చాడు, ఇంకో నంబరు నుంచి వచ్చింది. ఆ మాటల్లో ఒకటి నాకు చూపించింది. ఇక్కడ రాయను, రాస్తే ఈ కాగితం కడుక్కోవాలి. డబ్బా ఆపేద్దామంటే, డబ్బు వేయకుండానే వేసినట్టు ఫోనులో ఎప్పటిదో పాత చెల్లింపు బొమ్మ చూపించి సంచి ఎత్తుకుపోయేవాళ్లున్నారు, దాని నోరు మూస్తే బేరం మునుగుతుంది. కనుక డబ్బా రోజంతా పలికేది. ఒక రూపాయి అందింది. ఒక రూపాయి అందింది. ఆ మాట వినబడగానే చుట్టుపక్కల మగవాళ్లు తలలు తిప్పి ఆమెను చూసి నవ్వుకునేవాళ్లు. అమ్మ వంకాయలమ్మగా బతికిన ఆ చోటులో మా మరదలికి రూపాయక్క అని పేరు పెట్టారు. కూరగాయలు కొనడానికి వచ్చిన ఒకామె, పాపం ఏమీ తెలియక, రూపాయక్కా, టమాటా ఎంత అని అడిగితే, ఈమె తల ఎత్తలేకపోయింది.

ఠాణాకు నేనే తీసుకెళ్లాను. అక్కడ కూర్చున్నాయన చెడ్డవాడేం కాదు, మంచినీళ్లు కూడా ఇప్పించాడు. అంతా విని, పైసలు గుంజుకున్నరంటే రాసుకుంటం గని, పైసలు ఇచ్చిండ్రని ఎట్ల రాయాలమ్మా అన్నాడు. నేను రాసి ఉన్న మాట చూపించబోతే మా మరదలు నా చేయి పట్టుకుని ఆపింది. అంతమంది మగవాళ్ల ముందు అది చదివించుకోవడం కంటే రూపాయిలే నయమనుకుందేమో. ఇంటికొచ్చాం.

చివరికి తమ్ముడికి తెలిసింది. వాడు కోపధారి కాదు, భార్యను ఒక్క మాట అనలేదు. మర్నాడు పని మానుకుని మార్కెట్‌కు వచ్చి, ఆమె బోర్డు పీకేసి, తన పేరు, తన ఖాతా ఉన్న బోర్డు అతికించి పోయాడు. ఆ రోజునుంచీ అటువంటి రూపాయి ఒక్కటీ రాలేదు. నాకు ఒళ్లు మండిందంటే అక్కడ మండింది. మనిషి అదే, చోటు అదే, టమాటాలు అవే, అక్కడ లేని మగవాడి పేరు ఒకటి కనబడగానే ఆ వెధవలందరికీ మర్యాద గుర్తొచ్చింది. అందరూ తమ్ముణ్ని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆమె కూడా ఆ రాత్రి కంటినిండా నిద్రపోయానని చెప్పింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అసలు సంగతి నెల తిరిగాక తెలిసింది. డబ్బా పలుకుతూనే ఉంది, నలభై అందింది, అరవై అందింది అని, కానీ అందేది ఆమెకు కాదు. ఆ ఖాతాలోంచి ఇంటి అప్పు కిస్తీ దానంతట అదే కోత పడిపోతుంది, మిగిలింది తమ్ముడి చేతిలో ఉంటుంది. ఆమె బస్సుకూ, మందుబిళ్లకూ వాణ్ని అడగాలి. వాడు ఎన్నడూ లేదనలేదు, ఆ మాట వాడి పక్షాన చెప్పాలి. దేనికి అని మాత్రం అడుగుతాడు. తల్లి రెండో కంటి ఆపరేషను మాట ఎత్తితే, చూద్దాం తీయి, ఒక కన్ను మంచిగనే ఉన్నది కదా అన్నాడట.

మొన్న నేను వెళ్లేసరికి బేరం లేక ఊరికే కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మెల్లగా అంది: "వదినె, గా రూపాయిలోళ్లకు మస్తు భయపడ్డ. గని వాళ్లు ఎన్నడు నన్ను దేనికి అని అడగలే." మళ్లీ తనే, ఆదివారం ఇంటికొచ్చి మీ తమ్మునితోని అమ్మ కంటి సంగతి జర మాట్లాడుతవా అంది. సరేనన్నాను.

మా నాన్న తాగేవాడు, చేయి చేసుకునేవాడు, ఆయన మంచివాడని నేను ఎవరి దగ్గరా చెప్పలేదు. అయినా అమ్మ తన సంపాదనను ఎక్కడ పెట్టింది, దేనికి పెట్టింది అన్న ప్రశ్న ఆయన నోటినుంచి రాగా నేను వినలేదు. తమ్ముడు తాగడు, కొట్టడు, భార్య మీద ఈగ వాలనివ్వడు. అమ్మ బజారుకు భయపడుతూ పోయేది, ఇంటికి ధీమాగా వచ్చేది. ఇప్పుడు మా మరదలికి బజారులో ఏ భయమూ లేదు. ఆదివారం వెళతాను. ఆమె సంపాదించిన డబ్బు ఆమెకు ఇప్పించమని వాణ్ని ఏమని బతిమాలుకోవాలో, ఇంత వయసొచ్చినా, నాకింకా తోచలేదు.