ఫోన్ రాని ఉదయం

మేడమ్ గారు పోయారన్న కబురు నాకు గుడివాడ బస్టాండులో తెలిసింది. మచిలీపట్నం బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా సంఘం సెక్రటరీ గారు ఫోన్ చేసి, "అమ్మా, మేడమ్ గారు ఇక లేరు. నిద్రలోనే పోయారట" అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ నిజం అదే. ఆ కంప్యూటర్‌ని ఇంక నేనొక్కదాన్నే చూసుకోవాలా దేవుడా అన్నదే నా మొదటి ఆలోచన.

ఆవిడది మచిలీపట్నం పక్కన గూడూరు. మచిలీపట్నంలో చాలా ఏళ్లు పిల్లలకి కంప్యూటర్లు నేర్పి రిటైరయ్యాక మా చిన్న సంఘంలో చేరారు. దివిసీమ చివర నుంచి సముద్రం మీద వేటకెళ్లేవాళ్లకి, గాలీ వానా వచ్చేట్టుంటే, పడవలు దించకముందే ఫోన్ చేసి చెప్పడం మా పని. ఫోన్ చేసేది మనిషి కాదు. ఆఫీసులో ఒక మూలనున్న లినక్స్ కంప్యూటర్ రోజూ వాతావరణ సూచన తెచ్చుకుని, అందరికీ ఫోన్ చేసి రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. చెప్పిన వేళకి చెప్పిన పనిని దానంతటదే మొదలుపెట్టే ఏర్పాటు ఒకటి అందులో ఉంటుంది, క్రాన్ అంటారు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నదంతా ఆ క్రాన్ ఎన్ని రకాలుగా పని ఎగ్గొడుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో, అంతే.

చేరిన కొత్తలో నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. చేత్తో నడిపితే చక్కగా నడిచేది. క్రాన్‌కి అప్పగిస్తే ఉలుకూ పలుకూ లేదు. పదే పదే నడిపి చూపించి, "చూడండి మేడమ్, నా తప్పేం లేదు, నడుస్తోంది కదా" అని దబాయించాను. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి నా వంక చూశారు.

"నువ్వు నడిపితే నడుస్తుంది అమ్మాయ్. నువ్వు ఈ ఇంటి మనిషివి, ఏ డబ్బాలో ఏముందో నీకు తెలుసు. అది ఇవాళే పనిలో చేరింది. ఉప్పు తీసుకురా అంటే ఎక్కణ్ణించి తెస్తుంది? వంటింట్లో, పొయ్యి పక్క అలమరలో, పై అరలో అని చెప్పొద్దూ?"

నిజంగానే అంతే. నేను లాగిన్ అయినప్పుడు ఏ ప్రోగ్రాం ఎక్కడుందో వెతికే దారులన్నీ నాకు సిద్ధంగా ఉంటాయి. క్రాన్ నడిపేటప్పుడు అవన్నీ ఉండవు. ప్రతిదానికీ పూర్తి దారి రాసి ఇచ్చాను, మర్నాడు బుద్ధిగా నడిచింది. ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన చేగోడీల డబ్బా నా ముందుకి జరిపారు.

పైకి గంభీరంగా ఉండేవారు కానీ, ఆవిడ నా కంటే భయస్థురాలు. చిన్నప్పుడు ఉప్పెన చూసిన మనిషి. మబ్బు పట్టిందంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవారు. "భయపడితే తప్పు లేదు అమ్మాయ్, కాకపోతే వరసగా భయపడు" అనేవారు. ముందు గడియారం సరిగ్గా ఉందా చూడు. తర్వాత క్రాన్ అసలు మేలుకుని ఉందా చూడు. పని ఎవరి పేరున పెట్టామో చూడు. అప్పుడు లాగ్, అంటే చేసిన పనుల గురించి కంప్యూటర్ తనే రాసుకునే చిట్టా, ఏం చెప్తోందో చదువు. నేనేమో కంగారులో అన్నీ ఒకేసారి కెలికేసే రకం. "అన్నీ మార్చేశాక బాగైతే, దేనివల్ల బాగైందో నీకేం తెలుస్తుందే!" అని కోప్పడేవారు. ఆ కోపం ఇప్పుడు ఎవరు పడతారు నా మీద?

మొదట్లో గాలి వచ్చేట్టుంటేనే ఫోన్ వెళ్లేది. ఒకసారి పడవల పెద్ద మా ఆఫీసుకొచ్చారు. మేమంతా ఆయన్ని బాబాయ్ గారూ అంటాం. మాటల్లో మేడమ్ గారు, "ఫోన్ రాని రోజు ఏం చేస్తారండీ?" అని అడిగారు.

"ఇంకేముందండీ, రాలేదంటే అంతా బాగున్నట్టే కదా. వెళ్లిపోతాం."

ఆవిడ మొహం పాలిపోయింది. "మా కంప్యూటర్ ఆగిపోయినా ఫోన్ రాదండీ!" అన్నారు. ఆ వారమే పద్ధతి మార్చేశారు. ఇక రోజూ ఫోన్ వెళ్తుంది. సముద్రం బాగుంటే బాగుందని, లేకపోతే వెళ్లొద్దని. అసలు ఫోనే రాకపోతే పడవ దించకూడదు. రేవు రేవుకీ తిరిగి, నన్ను వెంటేసుకుని, ఆవిడే చెప్పారు.

బాబాయ్ గారు విసుక్కున్నారు. "బాగుందని చెప్పడానికి రోజూ ఫోన్ దేనికండీ, నిద్రపాడు."

"మీ నిద్ర పాడైతేనే నాకు నిద్ర పడుతుందండీ" అన్నారీవిడ.

వాళ్లు వింటారని నాకు నమ్మకం కలగలేదు. ఫోన్ రాలేదని చేతిలో వేట వదులుకుని ఎవరు కూర్చుంటారు?

మేడమ్ గారి భూస్థాపన రోజు పొద్దున్నే గూడూరు వెళ్లాను. ఇంటి ముందు షామియానా కింద కీర్తనలు పాడుతున్నారు. పక్కావిడ ఫోన్ మోగింది. అప్పుడు తట్టింది నాకు. కంప్యూటర్ ఫోన్ చేసే జాబితాలో నా నంబరు కూడా ఉంది, నాకు రోజూ తెల్లారకముందే ఫోన్ వస్తుంది. ఆ రోజు రాలేదు. నా ఫోన్‌లోనే వాతావరణ సూచన తెరిచి చూశాను. ఈదురుగాలులు, వేటకి వెళ్లొద్దు అని ఉంది. తలెత్తితే ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. బాబాయ్ గారికి చేస్తే స్విచ్ ఆఫ్. నా దగ్గరున్న నంబరు అదొక్కటే, మిగతావన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. సముద్రం లోపలికెళ్తే సిగ్నల్ ఉండదు. వెళ్లిపోయారు, అయిపోయింది అనుకున్నాను. ఆటో ఎక్కి మచిలీపట్నం చేరేదాకా ఆ నంబరుకే మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నాను.

ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముందు ప్రోగ్రాంని చేత్తోనే నడిపి హెచ్చరిక ఫోన్లు మొదలుపెట్టాను. అవి వరసలో ఒక్కొక్కటీ వెళ్తుండగా, వరసగానే భయపడ్డాను. గడియారం సరిగ్గానే ఉంది. క్రాన్ మేలుకునే ఉంది. పని మేడమ్ గారి పేరునే ఉంది. లాగ్ చదివాను. ఆ అకౌంట్ మూసి ఉంది కాబట్టి పని మొదలుపెట్టలేదని రాసి ఉంది.

సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే తెలిసింది, మూయించింది వారేనని. "పోయినావిడ పేరు అలా తెరిచి ఉంచితే ఎవరైనా వాడేస్తారేమోనని, నిన్న సాయంత్రం నేనే మూయించానమ్మా. మర్యాద కాదు కదా" అన్నారు పాపం. ఇన్నాళ్లూ ఆ పడవలకి ఫోన్ వెళ్లింది ఆవిడ పేరు మీదే. పనిని నా పేరుకి మార్చి, ప్రతి దారీ మళ్లీ సరిచూశాను.

అప్పుడే తెలియని నంబరు నుంచి వీడియో కాల్. బాబాయ్ గారు!

"ఎక్కడున్నారు బాబాయ్ గారూ?" అని అరిచాను.

"ఎక్కడుంటాం? ఒడ్డునే. నా ఫోన్‌లో ఛార్జింగ్ లేదమ్మా, ఇది మావాడిది. మాకెవరికీ ఫోన్ రాలేదేం?"

"ఎవరూ వెళ్లలేదా?"

"కుర్రోళ్లు గొడవ చేశారు, సముద్రం ఇంత బాగుంది, పోయినావిడ ఫోన్ ఎలా చేస్తుందీ అని. నేనే కూర్చోబెట్టాను. ఫోన్ రాకపోతే దించొద్దన్నారు మేడమ్ గారు. నేను పోతే దించుకోండి అని చెప్పలేదుగా అన్నాను."

నేను అక్కడే కూర్చుని భోరుమని ఏడ్చాను. ఆయన, "ఇంక రోజూ చేసేది నువ్వేనా అమ్మా?" అన్నారు.

"నేనే బాబాయ్ గారూ" అన్నాను.

ఆయన ఫోన్ అటు తిప్పారు. ఇసుక మీద పడవలన్నీ వరసగా ఉన్నాయి. వాటి నీడన మనుషులు కూర్చుని ఉన్నారు. చూస్తుండగానే ఒక్కొక్కరూ ఫోన్ చెవికి ఆనించుకున్నారు. వాళ్ల వెనక, వలల మీద కప్పిన పట్టాల అంచులు గాలికి లేవడం మొదలుపెట్టాయి.