ఫోన్లకు వీపు తిప్పి కూర్చున్న రోజులు

కిరండూల్ గని కాలనీలో పెరిగినవాణ్ణి. తర్లగూడ బడిలో టీచరుగా చేరాక ఒక పెద్దమ్మ ఇంట్లో అద్దెకు దిగాను. అద్దె గదికే గానీ తిండి ఆమె పొయ్యి మీదే. వానాకాలం వస్తే ఆ ఇంటి కప్పు జల్లెడ. కొత్త రేకులు వేయించాలని పెద్దమ్మ చింతపండు అమ్మిన డబ్బు దాచుకుంది. ఆ డబ్బును షేర్లలో పెట్టించిన మహానుభావుణ్ణి నేనే.

కంపెనీ ఏదో యాప్‌ది. ఇంతవరకు లాభం కళ్లజూడలేదనీ, ముందు ముందు బ్రహ్మాండంగా వస్తుందనీ, అందుకే ఇప్పుడే అంత విలువ కట్టారనీ బడిలో పాఠం చెప్పినట్టు వివరించాను.

“ఇంకా పూత రాని చెట్టుకు పండు ధర కడుతున్నరా? ఏంది బిడ్డా ఇది!” అని నవ్వింది. “సరే, వాళ్లెవరో నాకెర్కలేదు. నువ్వు ఎర్కే గదా. పెట్టు.”

పెట్టిన నెలకే మార్కెట్ కుప్పకూలింది. టెక్నాలజీ షేర్లయితే మరీ ఘోరం. మాది సగానికి పడింది. టీవీలో కోటు వేసుకున్న ఒకాయన మదుపరుల విశ్వాసం సన్నగిల్లిందని రోజూ చెప్పేవాడు. ఆయన టై చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

పెద్దమ్మ మాత్రం బెదరలేదు. సంతలో చింతపండు ధర పడిన రోజున ఆమెదొక పద్ధతి. బుట్ట మీద గుడ్డ కప్పి, కొనే సేఠ్‌కు వీపు తిప్పి కూర్చుంటుంది. రేటు అడగదు. అడిగితే భయపడిందని తెలిసిపోయి సేఠ్ ఇంకా దించుతాడట. ఆ సాయంత్రం నా ఫోన్ లాక్కుని, చాప మీద బోర్లా పెట్టి, గుడ్డ కప్పి, దానికి వీపు తిప్పి కూర్చుంది.

“ఊకె ఊకె దాన్ని చూడకు. నువ్వు చూస్తున్నట్టు వానికి ఎర్కైతది.”

“ఎవరికి పెద్దమ్మా?”

“లోపలున్న సేఠ్‌కు.”

నాకు నవ్వొచ్చింది. అదే షేరు కొన్న కిరాణా కొట్టాయనా, మా హెడ్మాస్టరూ నవ్వలేదు. మర్నాటి నుంచి వాళ్లూ వచ్చి చాప మీద ఫోన్లు బోర్లించి, వాటికి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఒకరోజు హెడ్మాస్టరు ఫోన్ మోగింది. “ఎత్తకుండ్రి, బేరానికి పిలుస్తున్నడు” అంది పెద్దమ్మ. ఎత్తలేదు. అది బీజాపూర్‌లోని మా విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చిన ఫోను. రెండ్రోజులకు మెమో వచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ వచ్చి గోడకేసి కూర్చున్నాడు.

నాకంత గుండె లేదు. ఒక మధ్యాహ్నం బడి వెనక సిగ్నల్ దొరికే గోడెక్కి షేర్లన్నీ అమ్మేశాను. వచ్చింది సగం రేకులకు కూడా చాలదు. పెద్దమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, లేని షేర్లకు వీపు తిప్పి అందరితో పాటు బుద్ధిగా కూర్చున్నాను. అలా రెండు నెలలు కూర్చున్నాను.

ఆ తరువాత షేరు లేచింది. కొన్న ధర కూడా దాటింది. కిరాణా కొట్టాయన ఊరంతా మిఠాయి పంచాడు. పెద్దమ్మ గుడ్డ తీసి ఫోన్ నా చేతిలో పెట్టింది.

“ఇగ తిరుగు బిడ్డా. రేటు అడుగు.”

ఉన్నదంతా చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. రేకులు నా జీతంతో వేయిస్తానని ఒట్టు కూడా వేశాను. ఆమె తిట్టలేదు. ఎప్పుడు అమ్మినవని మాత్రం అడిగింది. చెప్పాను.

“అన్ని దినాలూ నా పక్కనే కూసున్నవా?”

ఆమె లేచి లోపలికి వెళ్లి, రోజూ లాగే కంచంలో అన్నం వడ్డించి తెచ్చింది. చేపల పులుసు గిన్నె నా వైపు జరిపింది.

“తినుండ్రి సార్” అంది.