పాపం, కాగితాలు మడుస్తుంటుంది

మా ఇంటికి వచ్చేవాళ్లలో కళ్లున్నవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. హాల్లో అద్దాల బీరువా నిండా నేను మడిచిన కాగితం జంతువులు ఉంటాయి. కొంగని చూసి కోడా అంటారు. గుర్రాన్ని చూసి కుక్క బాగుందండీ అంటారు. ఏనుగుని మాత్రం గుర్తుపడతారు, తొండం ఉంది కాబట్టి. ఆ తర్వాత అందరూ ఒకటే అడుగుతారు, పడవ చేయడం వచ్చా అని. పడవ రానిదెవరికి? వానాకాలంలో ముక్కు కారుతూ తిరిగే ప్రతి పిల్లాడికీ వచ్చు. ఆ ప్రశ్న అడిగినవాళ్లకి నేను కాఫీలో పంచదార తగ్గిస్తాను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వాళ్లు గొంతు తగ్గించి ఒక మాట అనుకుంటారు. తగ్గించామని వాళ్ల నమ్మకం. వంటింట్లోకి ప్రతి అక్షరమూ వినిపిస్తుంది.

"పాపం, పిల్లల్లేరుగా. ఏదో కాలక్షేపం."

నాకు పిల్లలు లేని మాట నిజమే. అందుకు ఒకప్పుడు ఏడ్చాను, ఆ ఏడుపు అయిపోయింది కూడా. కాగితాలకీ దానికీ సంబంధం లేదు. నేను ఇంటర్ చదివేటప్పుడే మడిచేదాన్ని. అప్పటికింకా పెళ్లే కాని నేను, పుట్టబోని పిల్లల కోసం ముందుగానే బెంగపెట్టుకున్నానని వీళ్ల ఉద్దేశం కాబోలు. మా ఎదురింటాయనకి ఇంటినిండా పిల్లలు. పొద్దస్తమానం అరుగు మీద పేకాడుతుంటాడు. ఆయన్ని చూసి పాపం, కాలక్షేపం అన్నవాళ్లని నేను ఎరగను.

కాగితం దొరకడం మా వైపు కష్టం. వీడియోల్లో చూపించే రంగు కాగితాలు తెప్పించి చూశాను, వాటికి పొగరెక్కువ, ఓపిక తక్కువ. నాలుగోసారి మడిచేసరికి చిరుగుతాయి. శుభలేఖలు అంతకన్నా పనికిమాలినవి. డబ్బున్నవాళ్ల శుభలేఖ అయితే తలుపు చెక్కతో సమానం, మడిస్తే విరుగుతుంది. చివరికి నాకు సరిపడిన కాగితం మా తోటలోనే దొరికింది.

మాది విస్సన్నపేట రోడ్డు మీద మామిడితోట. ఈ మధ్య కాయ కోడిగుడ్డంత అయ్యాక ఒక్కోదానికీ కాగితం కవరు తొడుగుతున్నారు, మచ్చ పడకుండా, పురుగు కుట్టకుండా. ఆ కవరు పైన గోధుమరంగు, లోపల నలుపు. వానకి తట్టుకోవాలని కొంచెం మైనం పూసి ఉంటుంది. గోటితో ఒక్కసారి నొక్కితే మడత ఇక కదలదు. సీతాకోకచిలుకని మడిచి, రెక్క చివర కాస్త వెనక్కి తిప్పితే లోపలి నలుపు అంచులా బయటికి వస్తుంది. రాలి పగిలిన పండు మీద వాలి, రెక్కలు మూసుకుని రసం పీల్చే గోధుమరంగు సీతాకోకచిలుకలు మా తోటలో బోలెడు. అచ్చం అవే. వాటిని చూసి కూడా మా చుట్టాలు రంగులు లేవేంటి అని అడిగారు.

కోతలు అయ్యాక తీసేసిన కవర్లు తోటలో ఓ మూల పోస్తారు. అందులో బాగున్నవి ఏరి, చీమలు దులిపి, మూతి దగ్గరి తీగ పీకేసి, కట్టకట్టి బండి మీద తెచ్చేది మా ఆయన. ఇవెందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు. చుట్టాలు వెళ్లిపోయాక నేను వాళ్లని తిట్టిపోస్తుంటే పేపరు చదువుకుంటూ ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం నా తరఫున అనుకున్నాను. ఊరంతా పాపం అన్నా ఈ ఒక్క మనిషి నా గురించి అలా అనుకోడన్న ధీమాతోనే మిగతావాళ్లందరినీ పూచికపుల్లలా తీసిపారేశాను. ఆ ధీమా లేకపోతే ఏమయ్యేదాన్నో నేనెప్పుడూ ఆలోచించలేదు.

పోయిన వేసవిలో మా ఆడపడుచు తన కూతురి ఓణీల ఫంక్షన్ పెట్టుకుంది. నూజివీడులో ఏసీ హాలు, ఫొటోలకి డ్రోను, భోజనాల దగ్గర చాట్ బండి, ఏదీ తక్కువ కాకూడదని పట్టుదల. ఓ రోజు ఫోన్ చేసింది.

"వదినా, స్టేజీ వెనకాల బటర్‌ఫ్లైలు పెడదామనుకుంటున్నాం. నువ్వెటూ ఖాళీయే కదా, చేసిపెట్టవూ. పింక్‌లో అయితే బాగుంటాయి."

పింక్‌లో చేయను, కవరు కాగితంతో అయితే చేస్తానన్నాను. సరేలే అంది. ఖాళీ అన్న మాటకి ఫోన్ పెట్టేయాల్సింది. కానీ గోడ నిండా అవి ఒక్కసారి వాలితే ఎలా ఉంటుందో చూడాలని ఎన్నాళ్లనుంచో నాకు ఆశ. కాయ కోతలయ్యేదాకా కూర్చుని మడిచాను. వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. మా ఆయన అట్టపెట్టెల్లో సర్ది జాగ్రత్తగా కారులో పెట్టారు.

ఫంక్షన్ రోజు హాల్లోకి అడుగుపెట్టి చూస్తే నా సీతాకోకచిలుకల ఒంటినిండా బంగారు రంగు. డెకరేషన్ వాళ్లు స్ప్రే కొట్టేశారు.

"ఫొటోల్లో డల్‌గా వస్తాయండి, అందుకని మెరుపు కొట్టాం," అన్నాడు వాళ్ల మేస్త్రి, మెచ్చుకుంటానేమోనన్నట్టు నిలబడి.

రంగులో కలిపే మందుకి మైనం కరిగి మడతలు విచ్చుకున్నాయి. నల్ల అంచు ఎక్కడా లేదు. తడిసిన అప్పడాల్లా వేలాడుతున్నాయి. వాటి మధ్యలో థర్మాకోల్‌తో చేసిన పింక్ సీతాకోకచిలుక, లైట్లు వెలిగి ఆరుతూ. అందరూ దాని ముందే ఫొటోలు దిగుతున్నారు. ఇంత డబ్బు పెట్టి ఇంత అసహ్యంగా తయారుచేయడం కూడా ఒక విద్యే అనుకుని వెళ్లి కూర్చున్నాను.

అంతలో మైకు పట్టుకున్న యాంకరమ్మాయి నా పక్కకి వచ్చింది.

"ఈ బటర్‌ఫ్లైస్ అన్నీ ఎవరు చేశారో తెలుసా అండీ? మన అత్తయ్యగారు. పిల్లలు లేని లోటు తెలియకుండా ఈ బొమ్మల్నే కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారంట. ఆ అమ్మ మనసుకి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాలండీ."

హాలంతా కొట్టారు. ముందు వరసలో ఎవరో పట్టుచీర కొంగుతో కళ్లొత్తుకున్నారు. కన్నబిడ్డలట. బిడ్డలకి బంగారు రంగు స్ప్రే కొడతారా వీళ్లు? ఒళ్లు మండిపోయి మా ఆయన వైపు చూశాను. ఆయన కూడా చప్పట్లు కొడుతున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను.

"ఆ పిల్లకి అదంతా ఎవరు చెప్పారు?"

"నేనే. నీ గురించి రెండు ముక్కలు చెప్పమంది. బాగా చెప్పింది కదా?"

"నాకు పదిమంది పిల్లలున్నా ఇదే పని చేసేదాన్ని."

ఆయన నవ్వారు. "టైమెక్కడుండేదే నీకు? ఏదో ఒకటి చేతిలో ఉంటే నీకా దిగులు ఉండదనేగా నేను కవర్లు మోసుకొచ్చేది."

కారు తోటల మధ్య పోతూ ఉంది. చెప్పుల దగ్గర గొంతు తగ్గించేవాళ్లు ఆ మాట అని వెళ్లిపోతారు. ఈయన ఇన్నేళ్లూ ఆ మాట అనకుండా నా పక్కనే కూర్చుని పేపరు చదివారు.

ఈ ఏడు కోతలు అయ్యాక మళ్లీ కట్ట తెచ్చారు. ఎప్పటిలాగే చీమలు దులిపి, తీగలు పీకి, అంచులు సరిచేసి బల్ల మీద పెట్టారు. కాగితం మంచిది, తీసుకున్నాను. ఆయన కాసేపు అక్కడే నిలబడ్డారు, మంచిపని చేసిన తృప్తి మొహంలో కనిపిస్తూ. ఇన్నేళ్లు కాపురం చేసి కూడా ఇంట్లో ఉన్నది ఎవరో ఈ మనిషికి తెలియలేదు.

పాపం, అనుకున్నాను.