పావురాల ఫోరంలో నాకు దారి చూపిన మస్తాన్ భాయ్

నిన్న పొద్దున్న ఏడింటికి మస్తాన్ భాయ్ నంబర్ నుంచి ఫోన్.

"ఏటి భాయ్, పావురాలు అప్పుడే లేపేసినాయా నిన్ను?" అన్నాను.

అవతల ఆయన కూతురు. "అంకుల్... మా అబ్బా ఇక లేరు. నిద్దట్లోనే పోయారు."

మైకు లేకుండా వీధి చివరిదాకా దేవుని వాక్యం వినిపించే గొంతు నాది. వస్తున్నానమ్మా అని మాత్రం అన్నాను.

సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాను. ఈరోజు ఏడుస్తూ రాద్దామని కూర్చుంటే నవ్వొస్తోంది. ఏం చేయను? మా పరిచయమే అలా మొదలైంది.

నా సంగతి మీకు తెలుసు. ఆటోనగర్‌లో లేత్ పని, ఆదివారం సువార్త పని, మేడ మీద పావురాలు.

మూడేళ్ల క్రితం నా తెల్ల పావురానికి మెడ తిరిగిపోయింది. గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచి నా చేతుల్లో పెరిగిన పిట్ట. గింజను చూస్తుంది, ముక్కు మాత్రం పక్కన నేలను పొడుస్తుంది. రెండు రోజులుగా కడుపులో ఏమీ లేదు. మోకాళ్ల మీద ప్రార్థించాను.

పావురాలవాళ్లకి ఆన్‌లైన్‌లో ఫోరం ఉందని షాపులో ఎవరో చెప్పారు. అప్పటికప్పుడు చేరిపోయి మొదటి పోస్ట్ పెట్టాను.

"తెల్ల ఆడ పావురం. ఏడాదిన్నర వయసు. మెడ తిరిగింది. సహోదరులారా, త్వరపడండి!"

పది నిమిషాల్లో రిప్లైలు.

"రేటెంత?"

"జతా, సింగిలా?"

"మెడ తిరిగినదానికి ఎవడిత్తాడన్నా, ఫైనల్ సెప్పు."

నా రక్తం మరిగిపోయింది. చచ్చిపోతున్న ప్రాణికి బేరమా! దేవాలయంలో పావురాలమ్మేవాళ్ల పీటల్ని ప్రభువు ఎందుకు తలకిందులు చేశాడో ఆ క్షణంలో నాకు పూర్తిగా అర్థమైంది.

అదే రాశాను. ఆరు పేరాలు, అన్నిట్లోనూ నరకపు అగ్నిగంధకాలు. రాసి ఊరుకున్నానా? కాపీ కొట్టి ఆ పేజీలో కనబడ్డ ప్రతి పోస్ట్ కిందా పెట్టాను.

ఆ పేజీ పైన పెద్ద అక్షరాలతో "అమ్మకాలు" అని ఉందట. నేను చూడలేదు.

అడ్మిన్ వార్నింగ్ ఇచ్చాడు. ఇంకొక్క పోస్ట్ పెడితే బ్లాక్ చేస్తానన్నాడు.

పావురం కళ్లు మూతలు పడుతున్నాయి. నాకు తెలిసిన ఆ ఒక్క తలుపూ మూసుకుపోతోంది.

అప్పుడొచ్చింది ఒక ప్రైవేట్ మెసేజ్. పంపినవాడి పేరు "రేకుపెట్టె".

"పాస్టర్ సాబ్, సంతలోకొచ్చి ఎవలూ ఏటీ అమ్మొద్దంటే ఎలాగ? నీ ఫోన్ నంబరియ్యి."

ఇచ్చాను. వెంటనే చేశాడు.

"ఎక్కడున్నావ్?"

"గాజువాకలో."

"ఊరు కాదు బాబూ! ఫోరంలో ఏ సెక్షన్లో ఉన్నావ్?"

"సెక్షనంటే ఏటి?"

అవతల ఒకటే నవ్వు. ఆ నవ్వుకి నా కోపం సగం చల్లారింది.

ముందు పావురం సంగతి చూశాడు. మిగతావాటి నుంచి వేరు చేయమన్నాడు. లోతు గిన్నెలో నీళ్లు పెట్టమన్నాడు. నానబెట్టిన శనగలు ఒక్కొక్కటీ నోట్లో పెట్టమన్నాడు. "జబ్బులు" అనే సెక్షన్లో ఒక పాత పోస్ట్ లింక్ పంపి, "నీ గ్రంథం సదివినట్టు సదువు, అచ్చరం వదలకు" అన్నాడు.

మర్నాడు పూర్ణా మార్కెట్ నుంచి బస్సెక్కి మా ఇంటికే వచ్చేశాడు. చంకలో గాలికి కన్నాలు పెట్టిన కొత్త రేకుపెట్టె, నా పావురం కోసం. ఆయన పనే అది. మార్కెట్ వెనక సందులో ట్రంకుపెట్టెలు చేసేవాడు.

మేడ మీద కూర్చుని నా ఫోన్ తీసుకున్నాడు.

"నువ్వడిగేది ఎప్పుడో ఎవడో అడిగేసే ఉంటాడు. ముందు సెర్చ్ కొట్టు. ఎతుకు."

"వెతికితే దొరుకుద్దని ప్రభువు కూడా అన్నాడు భాయ్."

"మరింకేటి? ఆయన మాటైనా ఇను!"

నా ఇరవై ఏళ్ల సువార్త సేవలో అలా నా నోరు మూయించినవాడు ఇంకొకడు లేడు.

అమ్మకాలవాళ్లకి క్షమాపణ రాయమన్నాడు. నేను తప్పిపోయిన కుమారుడి కథతో మొదలుపెట్టాను. అంతా చెరిపేసి, "తప్పు సెక్షన్‌లో పెట్టాను, మన్నించండి" అని రాయించాడు.

"ఇంతేనా?"

"సాలు. ఇక్కడ మైకు లేదు, పాస్టర్ సాబ్. ఒకసారి సెప్తే అందరికీ ఇనపడతాది."

అడ్మిన్‌కి ఏం రాశాడో తర్వాత తెలిసింది: "ఈయన నా మనిషి. మళ్లీ అరిస్తే నన్నూ తీసెయ్యి."

మూడు వారాలు దాటాక ఒక పొద్దున్న నా పావురం తనంతట తాను ఒక్క జొన్న గింజ పొడుచుకుని మింగింది. హల్లెలూయ అని నేను వేసిన కేకకి పక్కింటివాళ్లు బయటికి వచ్చేశారు.

వీడియో తీసి పోస్ట్ చేశాను. సరైన సెక్షన్‌లోనే.

మొదటి రిప్లై మస్తాన్ భాయ్‌ది.

"రేటెంత?"

నిన్న ఆయన వాళ్లు వాళ్ల ప్రార్థన చేస్తుంటే నేను వెనక నిలబడి నాది చేసుకున్నాను. మెల్లగా. నాలాంటివాడికి మెల్లగా మాట్లాడటం కూడా ఆయనే నేర్పాడు.

ఇంటికొచ్చాక ఫోరంలో కబురు చెప్పాలి. ఏ సెక్షన్‌లో పెట్టాలో తెలియలేదు. అడుగుదామని ఆయన నంబరే తీశాను. వేలు నంబర్ మీదికి వెళ్లాక గుర్తొచ్చింది.

చాలాసేపు ఆలోచించి "పరిచయాలు"లో పెట్టాను. కొత్తగా చేరినవాళ్లు తమ గురించి చెప్పుకునే చోటు అది. ఆయన ఇన్నేళ్లలో అక్కడ ఒక్క లైన్ రాసుకోలేదు.

"మీ పావురాల్ని బతికించిన రేకుపెట్టె అసలు పేరు మస్తాన్. మనిషి పొట్టి, నవ్వు పెద్దది. ఈరోజు మన మధ్య లేరు. పరిచయం ఆలస్యమైంది, మన్నించండి."

అడ్మిన్ దాన్ని అక్కడి నుంచి కదపలేదు. కింద ఇంకా రాస్తూనే ఉన్నారు, ఆయన్ని ఒక్కసారి కూడా చూడనివాళ్లు.

వెళ్లిరా భాయ్. నువ్వు చెప్పే సలాం, నేను చెప్పే సమాధానం, రెండిటికీ అర్థం శాంతేనని నువ్వే అన్నావు. ఆ రెండూ ఇప్పుడు నీ దగ్గరే ఉండాలి.