మూడు పేర్ల ఓడ

ఓడ ఎక్కకుండానే దాన్ని ముంచేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేనే. నా నోటితోనే ముంచాను.

మాది బందరు, అత్తవారిది గుడివాడ. పెళ్లయ్యాక చెన్నైలో విలాసనౌక ఎక్కి సముద్రంలో తిరిగి రావాలని మా ఆవిడ దీప్తికి ఒకటే ఆశ. టికెట్లు కూడా తీశాను. భోజనాల దగ్గర మావయ్యగారు, "ఇంతకీ ఆ బండి ఎలాంటిదండీ అల్లుడుగారూ?" అని మాటవరసకి అడిగారు. ఆయన సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్లు కొని అమ్మే మనిషి. బాగుంటుందండీ అని ఊరుకుంటే సరిపోయేది. కొత్త అల్లుణ్ణి కదా, తెలివి చూపించొద్దూ?

ఇంటర్నెట్‌లో చదివిందంతా అప్పజెప్పాను. ఓడ యూరప్‌లో తయారైందనీ, ఇప్పటికి ముగ్గురు యజమానులు మారారనీ, కొన్నవాళ్లల్లా కొత్త పేరు పెట్టారనీ చెప్పాను. మావయ్యగారు కంచంలోంచి తలెత్తారు. మెచ్చుకుంటున్నారనుకుని రెచ్చిపోయాను. గదులు చాలక ఓడని నడిమికి కోసి, మధ్యలో కొత్త ముక్క పెట్టి అతికారన్నాను. దీప్తి బల్ల కింద నా కాలు తొక్కింది. ప్రేమ అనుకున్నాను.

మావయ్యగారు చెయ్యి కడుక్కొచ్చారు. "ఇన్ని చేతులు మారిందంటే ఏదో లోపం ఉన్నట్టేనండీ. కోసి అతికారంటే యాక్సిడెంట్ బండి."

"యాక్సిడెంట్ కాదు మావయ్యగారూ, పెద్దది చేద్దామని కోశారు."

"అమ్మేవాడు అలాగే చెప్తాడండీ."

అత్తయ్యగారి భయం వేరు. "కలిసి రాకపోతేనేగా బాబూ పేరు మార్చేది? మా అక్క కొడుక్కీ అందుకేగా మార్పించాం."

ఆవిడకి ధైర్యం చెబుదామని, ఓడ పక్కన బోలెడు లైఫ్‌బోట్లు కూడా ఉంటాయన్నాను.

"మునగనిదానికి అన్ని పడవలెందుకు బాబూ?"

ఆ సాయంత్రమే టికెట్లు రద్దయ్యాయి. దీప్తి నాతో మాట్లాడటం మానేసి గదిలో ఏడ్చింది. అప్పుడు మాత్రం నిజంగా సిగ్గేసింది.

కూతురి ముచ్చట తీర్చాలని మావయ్యగారే ఇంకో జలవిహారం ఏర్పాటు చేశారు. దివిసీమలో, రేవు దాటించే పంటు పడవ మీద. అటు నాలుగు మోటారు సైకిళ్లు, ఇటు ఒక గేదె, మధ్యలో కొత్త దంపతులం, మా వెనకే తోడుగా అత్తయ్యగారూ మావయ్యగారూ. గేదె దీప్తి భుజం మీద మూతి ఆనించింది. ఆ మాత్రం చొరవ నాకు లేకపోయింది.

మావయ్యగారు ఇంజను చుట్టూ తిరిగి చూసొచ్చి, తృప్తిగా నా చెవిలో అన్నారు: "అన్నీ కనుక్కున్నానండీ. కట్టినప్పటి నుంచీ ఒకటే ఓనరు. పేరంటారా, అసలు పెట్టనే లేదు."

ఆ గేదె సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ వాహనం గురించి ఎవరడిగినా, దాని రంగు చెప్పి నోరు మూసుకుంటాను.