అడిగేవాడు లేక ఆగిన రాజు

పొద్దున్నే చాయ్ తాగుతుండగా ఫోను వచ్చింది. కొత్త జిల్లా ఆఫీసులో ఎవరో కుర్ర అధికారి, మర్యాదస్తుడే, మాట మాటకూ సర్ అంటాడు. వచ్చే నెల జరిగే ఉత్సవాలకు మోత్కూరు వైపు బాగోతం ఆడేవాళ్లు కావాలట, పాత ఉద్యోగిని గనుక నాకు తెలిసి ఉంటుందని ఎవరో చెప్పారట, పేర్లూ ఫోన్ నంబర్లూ, ఒక్కొక్కరిదీ రెండు నిమిషాల వీడియో సాయంత్రంలోగా పంపితే బాగుంటుందట. రెండు నిమిషాల్లో బాగోతగాడు కాలికి గజ్జెలు కూడా కట్టుకోలేడు నాయనా అన్నాను. పర్వాలేదు సర్, కట్టుకున్న తర్వాత నుంచే తీయమనండి అన్నాడు. నేను ఏదో గట్టిగానే అని ఫోను పెట్టేశాను. పసివాడి మీద అంత గయ్యిమనడం ఎందుకని నా భార్య కోప్పడింది. నా కోపం ఆ పిల్లవాడి మీద కాదని ఆమెకు తెలుసు, అయినా కోప్పడింది. ఎవరి మీదో మీకైనా చెప్పుకుంటాను.

నేను నల్లగొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి అందులోనే తల నెరిపించుకున్నవాణ్ని. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. మా నాయినా, మా చిన్నాయనా మోత్కూరు దగ్గరి పల్లెలో ఇతరుల చేలలో కూలికి పోయి బతికినవాళ్లు. అయితే చిన్నాయనకు ఏడాదిలో కొన్నాళ్లు రాజ్యం ఉండేది. పంటలు ఇళ్లకు చేరాక మావాళ్లు కట్టే బాగోతంలో రాజు వేషం ఎప్పుడూ ఆయనదే, ఇంకొకరు అడిగిందీ లేదు, ఆయన ఇచ్చిందీ లేదు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బాగోతంలో వేషం ఊరికే వచ్చి నిలబడదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకొని తెర ఎత్తుతారు, వేషగాడు దాని వెనక నిలబడి గజ్జెలు ఘల్లుమనిపిస్తాడు, అప్పుడు తాళాలు పట్టిన పెద్దమనిషి ఇవతలి నుంచి, అయ్యా తమరెవరు, ఏ దేశం, ఏ పని మీద వేంచేశారు అని అడుగుతాడు. అడిగిన తర్వాతే తెర దిగుతుంది, రాజు తన పేరూ ఊరూ ప్రతాపమూ చెప్పుకుంటూ అడుగు ముందుకు వేస్తాడు. అడగకముందు ఆయన రాజు కాడు, మొహానికి పసుపుపచ్చని అర్దళం పూసుకున్న కూలి మనిషి. ఈ సంగతి మా ఇంట్లో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు, దాన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజుల్లో మా సంతోషం ఇప్పుడు చెబితే వింతగా ఉంటుంది. మా మాట వింటే నవ్విన ఆఫీసుల్లోనే మా పాటలు మైకుల్లో మోగాయి. కొత్త సర్కారు కళలకు పెద్ద పీట వేస్తుందనీ, పల్లెల్లో ఉన్న కళాకారులందరినీ గుర్తించి కార్డులు ఇస్తుందనీ కాగితం వచ్చినప్పుడు, దాన్ని మండలాలకు పంపే పని నాకే పడింది, ఆ సంబరంలో ఒక ప్రతి మా ఊరికి నేనే స్వయంగా పట్టుకుపోయాను. చిన్నాయన అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డాడు. చదివి వినిపిస్తే ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా, "సర్కారు నన్ను బాగోతగాడని రాసిస్తదా?" అని అడిగాడు. రాసిస్తుంది చిన్నాయనా, మొహరు కూడా వేస్తుందన్నాను. ఆయనకు కావలసింది అదే, ఇంకేమీ కాదు. బతుకంతా కూలోడనిపించుకున్న మనిషి తన పేరు పక్కన ఆ ఒక్క మాట చూసుకోవాలనుకున్నాడు.

ఇక ఆ ఫారం సంగతి చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పత్రికల్లో వచ్చిన వార్తల కత్తిరింపులు జతపరచాలట, మా పల్లెలో రాజుగారు వెడలిన ఏ పూటా ఏ విలేఖరీ రాలేదు. కళాకారుడేనని గెజిటెడ్ అధికారి సంతకం కావాలట, చివరికి ఏనాడూ తెర ఎత్తడం చూడని పశువుల డాక్టరు గారు పుణ్యం కట్టుకున్నారు. ఉన్న ఒక్క ఫొటో వేషంలో దిగింది, కిరీటమూ అర్దళమూ మీసాలూ ఉన్న ఆ మొహానికీ ఆధార్ కార్డులోని మొహానికీ పోలిక లేదని మా ఆఫీసులోనే వెనక్కి పంపారు. వేషం వేసేదే పోలిక లేకుండా ఉండటానికి అని నేను వాదించి ఒప్పించేసరికి రెండు నెలలు పట్టింది. ఆయన మా చిన్నాయన అని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. తనవాళ్ల కోసం తిప్పలు పడుతున్నాడని అంటారని భయం.

ఎంపిక రోజు మా ఆఫీసు పై అంతస్తులోని హాలులో పెట్టారు. పొడుగు బల్ల వెనక నలుగురు పెద్దలు, పట్నం నుంచి వచ్చినవాళ్లు, చెడ్డవాళ్లు కారు, అందరికీ నీళ్లిప్పించారు, కూర్చోమన్నారు. మనిషికి మూడు నిమిషాలు. పేరు పిలవడం, సమయం కాగానే బల్ల మీది గంట కొట్టడం, వాళ్లు చెప్పింది రిజిస్టర్లో రాయడం నా పని. ఉద్యోగులు కళాకారులతో మాట్లాడరాదని ముందే హెచ్చరించారు. డప్పులు వాళ్లు వాయించారు, కోలాటం వాళ్లు ఎగిరారు, మూడు నిమిషాలకు గంట కొడితే సగం పాటలో నోరు తెరుచుకొని ఆగిపోయి దండం పెట్టి దిగిపోయారు.

చిన్నాయన పేరు పిలిచాను. ఆయన ఒక్కడే వచ్చాడు. మేళంలో తాళాలు పట్టే పెద్దమనిషి అంతకు రెండేళ్ల ముందే పోయాడు, మిగిలినవాళ్లు ఎవరి పనుల్లో వాళ్లున్నారు. వచ్చేటప్పుడు మాత్రం ఇంటి నుంచి తెర తెచ్చుకున్నాడు. బయట కూర్చున్న ఒక డప్పు మనిషినీ, ఒక కోలాటం ఆమెనూ బతిమాలి దాన్ని పట్టించాడు. తెర లేచింది. వెనక గజ్జెలు ఘల్లుమన్నాయి.

బల్ల వెనక వాళ్లు చూస్తున్నారు. గజ్జెలు మళ్లీ ఘల్లుమన్నాయి. ఇంకా తయారవుతున్నాడు కాబోలు అని ఒకాయన పక్కాయనతో అన్నాడు. ఇంకొకాయన ఫోను తీశాడు. హాలులో నలుగురు చదువుకున్నవాళ్లున్నారు, తెర కింద నుంచి చిన్నాయన పాదాలు కనిపిస్తున్నాయి, మోకాళ్ల నొప్పులతో ఒక కాలి మీద బరువు మార్చుకుంటున్నాడు. నాకు తెలుసు. ఆ హాలులో నాకొక్కడికే తెలుసు. ఆ మాట నా నాలుక చివర ఉంది, లేచి నిలబడనక్కర కూడా లేదు, కూర్చున్నచోటి నుంచి అన్నా చాలు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడోసారి గజ్జెలు కొంచెం అనుమానంగా మోగాయి. మూడు నిమిషాలయ్యాయి. గంట కొట్టాను.

ఏం రాయాలి సర్ అని నేనే అడిగాను. ప్రదర్శన ఇవ్వలేదు అని రాయండి అన్నారు. రాశాను, నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు.

మధ్యాహ్నం ఆఫీసు బయట చాయ్ హోటల్లో చిన్నాయన తెర మడతపెట్టి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. తిడితే బాగుండేది. "నువ్వున్నవు గద రా ఆడ," అన్నాడు. "నీకెరుకే గద." రూల్సు ఉన్నాయి చిన్నాయనా, మేము మాట్లాడొద్దు అన్నాను. పోనీ నువ్వే తెర దించుకొని వచ్చేస్తే అయిపోయేది కదా అని నా తప్పు ఆయన మీదికి నెట్టబోయాను కూడా. ఆయన నన్ను చూసి, "అడగంది రాజెట్ల బయటికొస్తడు రా? దొంగలెక్క దుంకాల్నా?" అన్నాడు. చాయ్ సగం వదిలేసి బస్సుకు పోయాడు.

తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు, అంటే కాగితం మీద. ఇంతలో జిల్లాలు విడిపోయి మా ఊరు కొత్త జిల్లాకు పోయింది, ఫైలు దాని వెనకే పోయింది. పాత రిమార్కు మార్చాలంటే అది రాసిన ఉద్యోగి వివరణ కావాలని అక్కడి నుంచి ఉత్తరం వస్తే, అది తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. నాలుగు పేజీలు రాశాను, తెర అంటే ఏమిటో, దాన్ని ఎవరు పట్టుకుంటారో, ఎవరు ఏమని అడుగుతారో అంతా. మూడు నెలలకు జవాబు వచ్చింది. సదరు ప్రశ్న అడగవలసిన బాధ్యత ఏ సెక్షన్‌కు చెందినదో తెలుపగలరు అని ఉంది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియక ఆ కాగితాన్ని మా సెక్షన్లో అందరికీ చూపించాను. ఒక్కరూ నవ్వలేదు, ఒకాయన నిజంగానే సెక్షన్ల పట్టిక తీసి చూశాడు. ఆ రోజు తెర పట్టిన డప్పు మనిషికి మాత్రం కార్డు వచ్చింది. ఇప్పుడు సర్కారు పథకాల మీద పాటలు పాడే బృందంలో తిరుగుతున్నాడు. ఎప్పుడైనా కలిస్తే తనదేదో తప్పు ఉన్నట్టు తల వంచుకుంటాడు.

రిటైరయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఊరికి పోయాను. చిన్నాయన మంచం మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు, చూపు బాగా తగ్గింది. చిన్నమ్మ నీళ్లిచ్చి పక్కింటికి పోయింది. నాకేం పుట్టిందో, భుజం మీది తువ్వాల తీసి రెండు చేతులతో ఆయన ముందు ఎత్తి పట్టుకున్నాను. అయ్యా తమరెవరు, ఏ దేశం, ఏ పని మీద వేంచేశారు అని అడిగాను. అవతల కాయల చప్పుడు ఆగింది. చేతులు గుంజుతున్నా దించకుండా అలాగే నిలబడ్డాను. చాలాసేపటికి, "మీ చిన్నాయన్ని రా. ఇంకెవ్వలున్నరు ఈడ?" అన్నాడు. మళ్లీ కందికాయలు ఒలవసాగాడు. ఆ చలికాలంలోనే పోయాడు.

ఇప్పుడు ఏ ఉత్సవం చూసినా వేదికలున్నాయి, లైట్లున్నాయి, శాలువాలున్నాయి, మా చిన్నప్పుడు ఇవేవీ లేవు. కూలి మనిషిని తమరెవరు అని అడిగి, ఆయన జవాబు చెప్పేదాకా ఊరంతా ఎదురుచూసే ఓపిక మాత్రం ఉండేది. అది ఎక్కడికి పోయిందని ఇంకొకరిని నిలదీయాలంటే నాకు నోరు రాదు. ఆ రోజు ఆ హాలులో అడగవలసినవాణ్ని నేనే.